సెకండ్ గ్రేడ్ ప్లీడరు నుంచి ముఖ్యమంత్రి దాకా: టంగుటూరి ప్రకాశం పంతులు

విజయవాడలో కృష్ణానదికి అడ్డంగా కట్టినది ప్రకాశం బ్యారేజి. ఒంగోలు ముఖ్యపట్టణంగా ఉన్నది ప్రకాశం జిల్లా. సెలవులకు భిలాయి నుంచి ఆంధ్రకు వెళ్ళినప్పుడల్లా ఈ పేరు మన చెవిన పడుతూనే ఉంటుంది. ఆ మనిషి ఎవరని అడిగితే మాత్రం మా తరగతిలో ఎక్కువ మందికి తెలిసింది ఒక్క సంగతే: తెల్లవాళ్ళ తుపాకికి ఎదురుగా రొమ్ము చూపించిన ధైర్యశాలి అని. అది నిజమే. కానీ అది ఒక్క రోజు సంగతి. ఆయన బతికింది 84 ఏళ్ళు. అందులో పాతికేళ్ళకు పైగా కోర్టుల్లో గడిచాయి. తర్వాత రాజకీయాల్లోకి వచ్చినా ఆయన బుద్ధి, మాట, పట్టుదల అన్నీ ప్లీడరువే. అందుకే ఈసారి మేము ఆ ప్లీడరు గారి గురించి రాద్దామనుకున్నాము.

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలుకు దగ్గరలోని వినోదరాయునిపాలెంలో పుట్టారు. తల్లి సుబ్బమ్మ, తండ్రి గోపాలకృష్ణయ్య. ఆయనకు పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయారు. పిల్లలను బతికించుకోవడానికి సుబ్బమ్మ గారు ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. డబ్బు తీసుకుని పరాయివాళ్ళకు భోజనం పెట్టడాన్ని ఆ రోజుల్లో పరువైన పనిగా చూసేవారు కాదు. మంచి కుటుంబంలో పుట్టిన స్త్రీ అలా చేస్తే చుట్టాలు కూడా చిన్నచూపు చూసేవారు. ఆవిడ అదంతా పడ్డారు. పరీక్షకు మూడు రూపాయల ఫీజు కట్టవలసి వచ్చినప్పుడు ఇంట్లో ఆ మూడు రూపాయలు లేవు. తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి ఫీజు కట్టించారని ప్రకాశం గారు తన ఆత్మకథలో రాసుకున్నారు.

ఒంగోలు మిషన్ స్కూలులో ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు ఉండేవారు. ఈ కుర్రవాడిలో ఏం చూశారో గాని, తాను రాజమండ్రికి వెళ్ళేటప్పుడు అతన్ని కూడా వెంట తీసుకుని వెళ్ళారు. తెలివైన శిష్యుడికి పాఠం చెప్పే గురువులు చాలా మంది ఉంటారు. ఊరు మారుతూ పేద పిల్లవాడిని తన ఇంటి మనిషిలాగా తీసుకుపోయే గురువులు అరుదు. ఆ నాయుడు గారే లేకపోతే ప్రకాశం గారి కథ ఒంగోలులోనే ఆగిపోయేదేమో అని మాకు అనిపించింది.

రాజమండ్రిలో ఆ శిష్యుడు బుద్ధిగా పుస్తకాలు పట్టుకుని కూర్చున్నాడనుకుంటే పొరపాటు. నాటకాలంటే పిచ్చి. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అప్పుడు రాజమండ్రిలో నాటకాలు రాసి ఆడిస్తుండేవారు. ఆయన గయోపాఖ్యానంలో ప్రకాశం గారు వేషం కట్టారు. దానికి తోడు అల్లరి, దెబ్బలాటలు. మెట్రిక్యులేషన్ ఒకసారి తప్పారు కూడా. ఇవేవీ దాచకుండా ఆయనే రాసుకున్నారు. అయితే స్టేజి ఎక్కి గొంతెత్తి వెరపు లేకుండా మాట్లాడే అలవాటు ఆ నాటకాలతోనే వచ్చి ఉంటుంది. తరువాత జడ్జీల ముందు అది బాగా పనికొచ్చింది.

చిన్నప్పటి నుంచీ ఆయనకు ప్లీడరు కావాలనే కోరిక. మద్రాసు వెళ్ళి చదివి సెకండ్ గ్రేడ్ ప్లీడరు పరీక్ష ప్యాసయ్యారు. ఈ మాట ఇప్పటివారికి కొత్తగా ఉంటుంది కాబట్టి కాస్త చెప్పాలి. అప్పట్లో న్యాయవాదులందరూ ఒక్కటి కాదు. అందరికంటే పైన ఇంగ్లండు వెళ్ళి చదివి వచ్చిన బారిస్టర్లు. వారి తరువాత హైకోర్టు వకీళ్ళు. ఆ కింద ఫస్ట్ గ్రేడ్, సెకండ్ గ్రేడ్ ప్లీడర్లు. సెకండ్ గ్రేడ్ ప్లీడరు కింది కోర్టుల్లోనే వాదించాలి. తాను తయారుచేసిన కేసు అప్పీలుకు వెళ్తే కాగితాలు తీసుకుపోయి ఇంకొకరి చేతిలో పెట్టి, తాను వెనక నిలబడి వినవలసిందే.

1894 ప్రాంతంలో ఆయన రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టారు. గోదావరి జిల్లా అంటే ఆనకట్ట వచ్చాక పండిన జిల్లా. పంట ఉన్నచోట భూమి తగాదాలు ఉంటాయి. కొత్త ప్లీడరుకు త్వరలోనే మంచి పేరు, దానితో పాటు డబ్బు వచ్చాయి. పురపాలక సంఘంలో సభ్యుడయ్యారు. ఊళ్ళోని పెద్ద జమీందార్ల అండ లేకుండానే, వారిని ఎదిరించి మరీ, 1904లో మునిసిపల్ చైర్మన్ అయ్యారు. అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్ళు కూడా సరిగా నిండలేదు. పూటకూళ్ళమ్మ కొడుకు గోదావరి ఒడ్డున అంత పెద్ద ఊరికి చైర్మన్ కావడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఇంగ్లీషు పాఠాల్లో మనం అబ్రహాం లింకన్ గురించి చదువుకుంటాము. అమెరికాలో అప్పుడప్పుడే జనం స్థిరపడుతున్న పడమటి ప్రాంతంలో దుంగలతో కట్టిన ఇంట్లో పెరిగి, బడికి వెళ్ళిన రోజులు అన్నీ కలిపినా ఏడాది కూడా కాకపోయినా, అరువు పుస్తకాలతో లా చదివి, 1836లో లైసెన్సు తెచ్చుకుని, గుర్రం మీద ఊరూరా తిరిగి కోర్టుల్లో వాదించినవాడు. ప్రకాశం గారు పుట్టడానికి ఏడేళ్ళ ముందే లింకన్ చనిపోయారు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే పేదరికం, చిన్న ఊరి కోర్టు, మాట నేర్పు, అక్కడి నుంచి రాజకీయం, అన్నీ ఒకే దారిలో ఉన్నట్లు కనిపిస్తాయి. ఒక్క తేడా ఉంది. లింకన్ 1847 నుంచి 1849 దాకా అమెరికా కాంగ్రెస్‌లో ఉండి, రాజకీయం కలిసిరాక, తిరిగి తన లా ఆఫీసుకు వచ్చి పదేళ్ళకు పైగా ప్రాక్టీసు చేసుకున్నారు. ప్రకాశం గారు ఒకసారి కోర్టు మెట్లు దిగాక దాన్ని మళ్ళీ బతుకుతెరువుగా చేసుకోలేదు. ఆయన తరువాతి జీవితంలోని గొప్పతనం, కష్టం రెండూ ఈ ఒక్క తేడాలోనే ఉన్నాయని మా అభిప్రాయం. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

ఒకసారి కేసు పని మీద మద్రాసు హైకోర్టుకు వెళ్ళినప్పుడు ఆయన కాగితాలు సిద్ధం చేసిన తీరు చూసి ఒక బారిస్టరు ముచ్చటపడి, మీరు కూడా బారిస్టరు చదవకూడదా అని సలహా ఇచ్చారట. ఆ మాట ప్రకాశం గారి మనసులో నాటుకుంది. చేతిలో చైర్మన్ పదవి, పండుతున్న ప్రాక్టీసు, ఇంట్లో భార్య హనుమాయమ్మ, ముసలి తల్లి. అన్నీ వదిలి 1904లో ఓడ ఎక్కారు. సముద్రం దాటితే కులం పోతుందని భయపడే కాలమది. మాంసం, మద్యం, పొగతాగడం ముట్టనని తల్లికి మాట ఇచ్చి వెళ్ళారు. లండన్‌లో చదువుతో ఊరుకోలేదు. పార్లమెంటుకు పోటీ చేస్తున్న దాదాభాయి నౌరోజీ కోసం ఎన్నికల ప్రచారంలో తిరిగారు. చదువు ముగించి, ప్రతిభా పత్రంతో బారిస్టరై తిరిగివచ్చి, ఈసారి రాజమండ్రిలో కాకుండా మద్రాసు హైకోర్టులో అడుగుపెట్టారు.

మద్రాసు హైకోర్టులో అప్పట్లో పేరున్నవారిలో ఎక్కువ మంది దొరలు, లేదా తమిళులు. తెలుగు బారిస్టరుకు అక్కడ చోటు దొరకడమే కష్టం. ప్రకాశం గారు చోటు సంపాదించడమే కాదు, ముందు వరుసలోకి వచ్చారు. 1907లో బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చి ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు, సర్కారుకు కోపం వస్తుందని సభకు అధ్యక్షత వహించడానికి చాలా మంది వెనకాడితే, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఈ బారిస్టరు ఆ కుర్చీలో కూర్చున్నారు. 1911లో తిరునెల్వేలి కలెక్టరు ఆష్‌ను కాల్చి చంపిన కేసులో ఒక ముద్దాయి తరఫున వాదించారు. లా టైమ్స్ అనే న్యాయ పత్రికకు సంపాదకత్వం వహించారు. రాజమండ్రిలో, మద్రాసులో, ఊటీలో ఆస్తులు ఏర్పడ్డాయి. పరీక్ష ఫీజు మూడు రూపాయలకు తల్లి చీర తాకట్టు పెట్టిన ఇంటివాడు ఆ రోజుల లెక్కలో లక్షాధికారి అయ్యారు.

ఇక్కడ ఒక మాట. మన ఛత్తీస్‌గఢ్‌లో కూడా ఇలాంటి తెలుగు బారిస్టరు ఒకరు ఉండేవారు. బిలాస్‌పూర్‌లో ఆయన పేరుతో సభాభవనం ఉంది. ఆయనే ఇ. రాఘవేంద్రరావు గారు. ఆయన కూడా పురపాలక సంఘం నుంచే పైకి వచ్చి, 1936లో కొన్ని నెలలు సెంట్రల్ ప్రావిన్సెస్‌కు తాత్కాలిక గవర్నరుగా పనిచేశారు. ఆయన దారి వేరు, ఆయన ప్రభుత్వంలో ఉండి పనిచేసినవారు. ఆయన గురించి వేరే వ్యాసం రాయాలి.

ప్రకాశం గారి దారి 1921లో మలుపు తిరిగింది. గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు ఇచ్చారు. కోర్టులు వదలమన్నారు. ప్రకాశం గారు వదిలేశారు. అదే ఏడు మద్రాసులో స్వరాజ్య అనే పత్రిక పెట్టారు. ఒకే పేరుతో ఇంగ్లీషు, తెలుగు, తమిళం మూడు భాషల్లో నడిపారు. మలబారులో తిరుగుబాటు జరిగినప్పుడు నిషేధం ఉన్నా లెక్కచేయకుండా వెళ్ళి చూసివచ్చారు. దాని ఫలితంగా ఊటీలోని ఆస్తిని ప్రభుత్వం జప్తు చేసింది. పంజాబులో అకాలీల సత్యాగ్రహం జరుగుతుంటే అక్కడికీ వెళ్ళారు. ఎక్కడ గొడవ జరిగినా స్వయంగా చూడాలి, సాక్ష్యం సేకరించాలి, అప్పుడే రాయాలి. ప్లీడరు అలవాటు పత్రికలోకి వచ్చిందన్నమాట.

స్వరాజ్యలో ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి గొప్ప పాత్రికేయులు పనిచేశారు. రాతకు లోటు లేదు. లోటు డబ్బుకే. ప్రకాశం గారు సంపాదించడం తెలిసిన మనిషి గాని లెక్క చూసుకోవడం తెలిసిన మనిషి కాదు. రాబడికీ ఖర్చుకూ పొంతన ఉండేది కాదు. పనిచేసేవారికి జీతాలు సరిగా అందని రోజులు ఎన్నో. ఆస్తులు ఒక్కొక్కటే పత్రికలో పోశారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ప్రభుత్వం పెద్ద మొత్తం ధరావతు కట్టమంటే పత్రిక ఆగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. ఈ మధ్యలో ఎప్పుడైనా నల్లకోటు తొడుక్కుని హైకోర్టుకు వెళ్ళి ఉంటే రెండు మూడేళ్ళలో అప్పులు తీరిపోయేవి. ఆయన ఆ పని చేయలేదు. చేయవలసిందా, అక్కరలేదా అని మేము తరగతిలో చాలాసేపు వాదించుకున్నాము. సగం మంది ఒకవైపు, సగం మంది ఒకవైపు.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో దిగింది. భారతీయులెవరూ లేని ఆ కమిషన్‌కు నిరసనగా దేశమంతా హర్తాళ్ళు. మద్రాసులో హైకోర్టు దగ్గర జనం గుమికూడారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఒక మనిషి చనిపోయాడు. ఆ శవాన్ని చూడాలని ప్రకాశం గారు ముందుకు నడిస్తే పోలీసు తుపాకి ఎత్తి అడ్డుకున్నాడు. అప్పుడే ఆయన చొక్కా గుండీలు విప్పి రొమ్ము చూపించారు. పోలీసులు దారి వదిలారు. అప్పటి నుంచే ఆంధ్రకేసరి అన్న బిరుదు ప్రతి నోటా నిలిచిపోయింది. మేము గమనించిన విషయం ఒకటే. ఆయన అప్పుడు వెళ్ళింది పోలీసులతో పోట్లాటకు కాదు. చనిపోయిన మనిషి ఎవరో, ఎలా పోయాడో తన కళ్ళతో చూడడానికి.

ఇప్పుడు ఆయన చేసిన అన్నిటికంటే పెద్ద కేసు దగ్గరకు వస్తాము. దీని గురించి పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యం కంటే ఎక్కువ ఉండదు. కానీ మనకు ఇది చాలా దగ్గరి విషయం. భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టిన రోజుల నుంచి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో చాలా మంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవారు. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు జమీందారీలే. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, ఇలా ఒక్కొక్క సంస్థానం కింద వందల ఊళ్ళు. మన ముత్తాతలు దున్నిన భూమికి శిస్తు కట్టింది దివాణానికే.

1802లో కుంపిణీ ప్రభుత్వం మద్రాసు రాజ్యంలో శాశ్వత పైసలా చేసింది. జమీందారు ప్రభుత్వానికి ఏటా ఇంత పేష్కషు కట్టాలని శాశ్వతంగా నిర్ణయించింది. పంట ధర పెరిగినా, కొత్త భూమి సాగులోకి వచ్చినా ఆ మొత్తం పెరగదు. మరి రైతు జమీందారుకు కట్టే శిస్తు? దాన్ని మాత్రం పెంచుకుంటూ పోయారు. 1908లో ఒక ఎస్టేట్స్ చట్టం వచ్చి రైతుకు భూమి మీద కొంత హక్కు ఇచ్చింది గాని శిస్తు భారం తగ్గలేదు. బంజరు, చెరువు, అడవి అన్నిటి మీదా దివాణం పెత్తనమే.

1937లో మద్రాసులో రాజాజీ నాయకత్వాన కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చింది. ప్రకాశం గారు రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ విచారణ సంఘం వేసి దానికి తానే అధ్యక్షుడయ్యారు. జమీందారీ ఊళ్ళు తిరిగి రైతుల మాటలు విన్నారు. జమీందార్ల వాదన కూడా విన్నారు. పాత రెగ్యులేషన్లు, దస్తావేజులు బయటికి తీశారు. రాజమండ్రిలో భూమి కేసులు వాదించిన అనుభవమంతా ఇక్కడ పనికివచ్చింది. 1938లో నివేదిక వచ్చింది. అందులోని ముఖ్యమైన వాదన వింటే మంచి ప్లీడరు అంటే ఏమిటో తెలుస్తుంది. 1802లో శాశ్వతం చేసింది జమీందారు ప్రభుత్వానికి కట్టేది ఒక్కటే కాదు, రైతు జమీందారుకు కట్టేది కూడా. కాబట్టి శిస్తును ఆనాటి స్థాయికి తగ్గించాలి. భూమికి హక్కుదారు రైతే. జమీందారు శిస్తు వసూలు చేసి ఇచ్చే మనిషి మాత్రమే. నూట ముప్పై ఏళ్ళుగా జమీందార్లు తమకు రక్షణ అని చూపించే కాగితాన్నే తీసి, అది రైతుకు రక్షణ అని చూపించారు.

జమీందార్లు ఒప్పుకోలేదు. నివేదిక చట్టం కాకముందే, 1939లో యుద్ధం విషయంలో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. తరువాత ప్రకాశం గారికి జైలు. క్విట్ ఇండియా ఉద్యమంలో పట్టుబడి 1945 దాకా లోపలే ఉన్నారు. కానీ ఆ వాదన ఆగలేదు. 1947లో శిస్తు తగ్గింపు చట్టం, 1948లో జమీందారీలను రద్దు చేసే చట్టం వచ్చాయి. అవి వచ్చేనాటికి ఆయన పదవిలో లేరు. ఏ కోర్టులోనూ నడవని, ఏ కక్షిదారూ ఫీజు ఇవ్వని కేసు అది. ఆయన గెలిచిన కేసులన్నిటిలోనూ ఇదే పెద్దదని మేము అనుకుంటున్నాము.

ముఖ్యమంత్రిగా ఆయన అంతగా రాణించలేదన్నది కూడా చెప్పాలి. 1946 ఏప్రిల్ 30న మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. గాంధీజీ, నెహ్రూ కోరుకున్నది రాజాజీని. శాసనసభ్యులు ఎన్నుకున్నది ప్రకాశం గారిని. అప్పుడే పర్సుల గొడవ కూడా వచ్చింది. ప్రజలు సభల్లో అభిమానంతో ఇచ్చిన సొమ్మును ఆయన తన ఖర్చులకు వాడుకున్నారని గాంధీజీయే తప్పుపట్టారు. తన ఆస్తి అంతా దేశం కోసం పోయింది, ప్రజలు తాను బతకడానికే ఇచ్చారు, ఇందులో తప్పేముంది అన్నది ప్రకాశం గారి వాదన. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. సంపాదన మానుకున్న మనిషి ఎలా బతకాలన్న ప్రశ్నకు మాకు జవాబు దొరకలేదు.

బట్టల మిల్లుల బదులు ఖద్దరు రావాలని ఆయన పట్టుబట్టారు. కమ్యూనిస్టుల మీద ఆర్డినెన్సు తెచ్చి ఎంతో మందిని విచారణ లేకుండా నిర్బంధించారు. ఒకప్పుడు ముద్దాయిల తరఫున వాదించిన బారిస్టరు ఇలా చేయడం మాకు నచ్చలేదు. సొంత పార్టీలోనే బలం పోయి పదకొండు నెలలకే, 1947 మార్చిలో దిగిపోయారు. తరువాత కాంగ్రెస్ వదిలి ప్రజా పార్టీ పెట్టారు. 1952 ఎన్నికల్లో మద్రాసు నగరంలో ఓడిపోయారు.

పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్షలో ప్రాణం విడిచాక, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మొదటి ముఖ్యమంత్రి కావడానికి కాంగ్రెస్ వారే వచ్చి ఆయనను పిలిచారు. అప్పటికి ఎనభై దాటిన వయసు. భవనాలు చాలక కర్నూలులో గుడారాలు వేసి ఆఫీసులు నడిపారు. ఆ పదమూడు నెలల్లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు వచ్చాయి. కృష్ణ మీద పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగింది. దాని స్థానంలో కొత్త బ్యారేజి పని మొదలైంది. చివరకు మద్యనిషేధం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. ఆ ఒక్క ఓటు సంపాదించుకోవడం అంత పాత రాజకీయ నాయకుడికి కష్టమా అనిపిస్తుంది. కోర్టులో జడ్జిని ఒప్పించడం వేరు, సభలో సభ్యులను కూడగట్టుకోవడం వేరు. రెండోది ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు.

పదవి పోయినా తిరగడం మానలేదు. 1957 వేసవిలో ఒంగోలు వైపు పల్లెల్లో ఎండలో తిరుగుతూ వడదెబ్బ తగిలి, హైదరాబాదులో చికిత్స పొందుతూ మే 20న కన్నుమూశారు.

ఆయన తన కథను నా జీవిత యాత్ర అనే పేరుతో రాసుకున్నారు. పెద్ద పుస్తకమే గాని భాష తేలిక, మన ఇంట్లో తాతగారు కూర్చోబెట్టి చెబుతున్నట్లు ఉంటుంది. ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు ఎవరి ఇంట్లోనైనా, గ్రంథాలయంలోనైనా కనిపిస్తే ఒంగోలు, రాజమండ్రి అధ్యాయాలు ముందు చదవండి. అల్లరి కుర్రవాళ్ళకు మరీ బాగుంటాయి.